అడుగున మూడు గడులు

ప్రగతి పత్రంలో లెక్కలకి అంకె ఉంటుంది.
కిర్గిజ్‌కి అంకె, రష్యన్‌కి అంకె.
అడుగున మూడు గడులు మాత్రం
అగ్గిపెట్టె అంత కూడా లేనివి:
బొమ్మలు, గ్రంథాలయం, ఆటలు.
వాటిలో ‘పాల్గొంది’ అని రాస్తే చాలు.

కోచ్‌కోర్‌లో డిసెంబరు రాత్రి.
పొయ్యిలో బొగ్గు సగం నిద్రలో ఉంది.
పదిహేడో పత్రం అయ్‌జిరెక్‌ది.
ఇక్కడ కలం మొరాయించింది.

సెప్టెంబరులోనే నల్లరంగు సీసా ఖాళీ.
‘రాత్రిని ఎలా వెయ్యాలి ఎజె?’ అని ఏడుపు మొహం పెట్టింది.
నాకూ తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
నీలంలో గోధుమరంగు కలిపి, ఇంకాస్త కలిపి,
ముక్కుకి పూసుకుని, మళ్లీ కలిపి
పట్టపగలు పన్నెండింటికి చీకటి చేసింది.
ఆ చీకట్లో మిగతావాళ్లందరూ
తలో కుంచె ముంచుకున్నారు.

తర్వాత ఉన్ని కంబళి ముక్కలు.
ఎరుపు మీద తెలుపు పెట్టి ఒక్క కోతలో రెండూ కోయాలి.
ఎరుపులోంచి ఊడిన కొమ్ము తెలుపు చిల్లులో కూర్చుంటుంది,
తెలుపుది ఎరుపులో.
ఆ రోజు చెత్తబుట్ట పస్తుంది.
సెయిత్‌బెక్‌కి కత్తెర జారి కొమ్ము విరిగితే
విరిగినదాన్ని తిరగేసి, గుర్రప్పిల్ల అన్నాడు.
మూడు కాళ్లే ఉన్నాయి.
నాలుగోది ఎత్తి పట్టుకుందట.

గ్రంథాలయమంటే మెట్ల కింది గది.
నూట నలభై పుస్తకాలు, ఒక దీపం, ఒక తేదీ ముద్ర.
అక్కడ నేర్పేదేముంది?
వేలు నాలికకి తాకించకుండా పుట తిప్పడం.
పోట్లాటనైనా గుసగుసగా కానివ్వడం.
కావలసింది దొరక్కపోతే పక్కనున్నదాన్ని లాగడం.
అలా లాగిందే తిమింగలాల పుస్తకం.
ఏ దిక్కుకి నడిచినా
కొన్ని దేశాలు దాటితే గాని సముద్రం తగలని పిల్ల
నాలుగుసార్లు గడువు పెంచుకుంది.
అట్ట లోపలి చీటీని ఓసారి పైకి చదివింది:
‘బెక్తెమిర్, మూడో తరగతి, పదకొండు రోజులు ఆలస్యం.’
అది మా ప్రధానోపాధ్యాయుడి పేరు.
ఎవరూ నవ్వలేదు,
మెట్లెక్కేదాకా.

కుస్తీ పాఠంలో మొదటి వారమంతా పడటమే.
ఎదుటివాణ్ణి పడెయ్యడం కాదు, తాము పడటం:
గడ్డం గుండెకి, అరచెయ్యి చాపకి, ఊపిరి బయటికి.
పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారు, సరే.
పడటం రానివాళ్లకి మాత్రం మోచెయ్యి విరుగుతుంది.
అయ్‌జిరెక్ నలభైసార్లు పడింది.
చాప మీద వెల్లకిలా ఉండి
‘పైకప్పు మీద ఒక ద్వీపం ఉంది, చూశారా?’ అంది.
వాన కారిన మరక.
పదకొండేళ్లుగా ఆ గదిలో ఉన్నాను, చూడలేదు.

మొన్న గురువారం సంగతి.
తిమింగలం ముప్ఫై మీటర్లని పుస్తకంలో ఉంది.
ముప్ఫై మీటర్లంటే ఎంత?
లెక్కల గంటలో అడగని ప్రశ్న ఆటల గంటలో లేచింది.
ఇరవై నలుగురు చేతులు చాచి, వేలికి వేలు తాకించి
నడవా పొడవునా నిలబడ్డారు.
దవడ బడిగంట కింద.
రెక్క నాలుగో తరగతి గుమ్మంలో.
నడవా అయిపోయింది, తిమింగలం అవలేదు.
తలుపు తీశారు.
చివరి ఏడుగురూ మంచులోకి దిగి తోకయ్యారు,
పళ్లు టకటకలాడిస్తూ.
లోపల సుద్దగీత.
బయట మంచు మీద సుద్ద కనబడదుగా,
పొయ్యిలో బూడిద తెచ్చి చల్లింది అయ్‌జిరెక్.

సరిగ్గా అప్పుడే బెక్తెమిర్ అగాయ్ గదిలోంచి వచ్చారు.
చలి లోపలికొస్తోందని నోరు తెరిచారు.
గీత వెంట కళ్లు నడిపారు, దవడ నుంచి గుమ్మం దాకా,
గుమ్మం నుంచి మంచు దాకా.
నోరు మూసుకున్నారు.
కోటు అంచు ఎత్తి పట్టుకుని
తోక మీదుగా ఒక పెద్ద అంగ వేశారు,
బూడిద చెదరకుండా.

మూడు గడుల్లోనూ రాశాను: పాల్గొంది, పాల్గొంది, పాల్గొంది.
సిరా ఆరేదాకా ఊదాను.
వ్యాఖ్యకి ఒక గీత మిగిలింది.
పుస్తకం ఇంకా తిరిగివ్వలేదు, అని మొదలుపెట్టి
వేళ్లు మడిచి లెక్కేశాను.
రేపటికి పన్నెండు రోజులు.